మిషన్ బడి ఆరో గది

2006వ సంవత్సరం జూన్ నెల 12వ తేదీ సోమవారం మొదలుపెట్టి, 14వ తేదీ బుధవారం సాయంత్రం ముగించిన వీలునామా.

గుంటూరు జిల్లా చిలకలూరిపేటకు పద్నాలుగు కిలోమీటర్ల దూరాన ఉన్న రేగులగుంటపాలెం కాపురస్తురాలిని, కీర్తిశేషులు మద్దినేని బాపయ్య గారి భార్యను, మద్దినేని వెంకటరావమ్మ అనే నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా తదనంతరం జరగవలసిన ఏర్పాట్లను ఇందుమూలంగా రాయిస్తున్నాను. మోకాళ్లు నా మాట వినడం మానేసి మూడేళ్లయింది. బీపీ మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను. తల మాత్రం బాగానే ఉంది. పేట డాక్టరుగారి దగ్గర ఆ మేరకు కాయితం తీసుకుని దీనికి జతపరిచాను, ఎందుకంటే కింది అంశాలు చదివాక మా అబ్బాయికి ఆ అనుమానం తప్పక వస్తుంది.

నా వయసు వచ్చే నెల ఒకటో తారీఖుకి డెబ్బై రెండు. అది బడి రిజిస్టరు మాట. మిషన్ బడిలో చేర్చుకునేటప్పుడు పుట్టిన తేదీ తెలియని పిల్లలందరికీ హెడ్మాస్టరుగారు జూలై ఒకటి అని రాసేవారు. అలా మా ఊళ్లో నా ఈడువాళ్లలో సగం మంది ఒకే రోజున పుట్టారు. నేనూ, నా పక్కన బల్ల మీద కూర్చున్న దారా రెబ్కా కూడా అలా ఒకే రోజు పుట్టినవాళ్లమే.

ఈ వీలునామాను నేను చెబుతుంటే రాస్తున్నది రాధాకృష్ణమూర్తి మాస్టారు. ఆ బడిలోనే ముప్పై ఏళ్లు తెలుగు పండితులుగా చేశారు. నా మాటల్ని ఆయన గ్రాంథికంలోకి తిప్పకూడదని ముందే షరతు పెట్టాను. ఎక్కడైనా తిప్పినట్టు కనిపిస్తే అది ఆయన చేతి అలవాటే గాని నా మాట కాదని కోర్టువారు గ్రహించవలెను.

1. ఇంతకు ముందు 1997లో మా అబ్బాయి మాట మీద నేను రాయించిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో మిషన్ బడి కట్టడాన్ని కూడా అతనికే రాశాను. ఆ రోజు నా బుద్ధి నిలకడగానే ఉంది. అయినా తప్పు రాశాను.

2. నేను కాపురముంటున్న పెంకుటిల్లు, దొడ్డి, ఊరికి తూర్పున ఉన్న ఏడెకరాల నల్లరేగడి చేను, ట్రాక్టరు, మా అబ్బాయి కోటేశ్వరరావు అనే కోటేష్‌కు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. వాడు కష్టజీవి. పత్తి పోయిన ఏళ్లలో కూడా నన్నొక మాట అనలేదు. వాడి మీద నాకు కోపం ఉందని ఊళ్లో అనుకుంటారు, అది నిజం కాదు. వాడు పాటించవలసిన షరతు ఒకటి తొమ్మిదో అంశంలో ఉంది.

3. పొదిలిలో కాపురమున్న మా అమ్మాయి లక్ష్మీదుర్గకు నా నాలుగు పేటల గొలుసు, గాజులు, ఇత్తడి గంగాళం. వీటితో పాటు నా పెట్టె అడుగున పాత పట్టు పంచెలో చుట్టిన తెల్ల టేబుల్ గుడ్డ ఉంటుంది. దాని అంచున ఎర్ర దారంతో కుట్టిన బాతులు ఎనిమిది ఉండాలి, ఏడే ఉన్నాయి. అది సెకండ్ ఫారంలో మిషన్ బడి దొరసానమ్మ నేర్పిన కుట్టు. ఎనిమిదో బాతు ఆగింది పెళ్లి కుదిరి కాదు, నాకు బద్ధకం వచ్చి. ఆ బద్ధకపు రోజులు మళ్లీ వస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో అమ్మాయికి తెలియదు. దాన్ని ఉతకవద్దని మనవి.

4. మిషన్ బడి కట్టడం నాకెలా సంక్రమించిందో చెప్పాలి. ఇప్పటి పిల్లలకు అది మిరప గోడౌను అనే తెలుసు.

1911లో మిషన్ దొరగారు దానికి పునాది వేశారు. రంగూను టేకు పెదగంజాం దాకా కాలవలో పడవల మీద వచ్చి, అక్కణ్ణించి బండ్ల మీద ఊరు చేరింది. ఇటుక ఇక్కడే కాల్చారు. సున్నం గానుగ తోలి నూరినవాడు రెబ్కా వాళ్ల తాత పెద బుల్లయ్య. ఆ గోడలు రెండడుగుల మందం. ఆరు గదులు, ఒక ప్రార్థన హాలు, ముందు పొడవాటి వరండా. వరండా దూలానికి రైలు పట్టా ముక్క వేలాడదీశారు, అదే గంట. నేను చదివే రోజుల్లో దాన్ని కొట్టేది రెబ్కా నాన్న బుల్లయ్య.

నేను 1945లో ఫస్టు ఫారంలో, అంటే ఇప్పటి ఆరో తరగతిలో చేరాను. ఊళ్లో ఇంకో బడి ఉంటే మా నాన్న నన్ను అక్కడికి పంపేవాడు కాదు. అక్కడ ముందు వచ్చినవాళ్లు ముందు బల్ల, ఏ వీధి నుంచి వచ్చారన్నది లెక్క లేదు. మొదటి రోజు నేను ఆలస్యంగా వెళ్లాను. ఖాళీ ఉన్నది రెబ్కా పక్కనే. సాయంత్రం మా నాయనమ్మ నన్ను దొడ్డిదారిన రప్పించి, తలమీద నీళ్లు పోసి గాని ఇంట్లోకి రానివ్వలేదు. నాలుగేళ్లూ ప్రతి సాయంత్రం అదే స్నానం. ఆ సంగతి రెబ్కాకు తెలుసు. ఒక్కసారి కూడా ఎత్తలేదు. జూలై ఒకటిన మాత్రం ఇద్దరం బెల్లం ముక్క సగం సగం తినేవాళ్లం, ఎవరూ చూడకుండా, ఆరో గదిలో.

ఆరో గది థర్డ్ ఫారంవాళ్లది. అందులో ఉత్తరం కిటికీ అడుగున గోడలో ఒక అరచెయ్యి ముద్ర ఉంది. పచ్చి సున్నం మీద పెద బుల్లయ్య అదాటున చెయ్యి ఆనించాడట. మేస్త్రి తిట్టబోతే దొరగారు వద్దని అలాగే ఉంచమన్నారట. ప్రతి ఏడూ బడి తెరిచిన రోజున రెబ్కా తన చెయ్యి అందులో పెట్టి చూసుకునేది. థర్డ్ ఫారంలో వేళ్లు సరిపోయాయి. నేనూ పెట్టాను, నా చెయ్యి చిన్నది.

ఫోర్త్ ఫారం మధ్యలో నాకు పెళ్లి చేశారు. రెబ్కా చదివింది, ట్రైనింగుకి వెళ్లింది, 1956లో ఆ బడికే టీచరుగా వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఐదేళ్లు ఆ వరండాలో నడిచింది. మా పిల్లలిద్దరికీ లెక్కలు చెప్పింది ఆమే. ఆమె వరండాలో వెళుతుంటే నేను మా చేలో కలుపు తీస్తూ గట్టు మీదికొచ్చి చూసేదాన్ని. నేను చదివి ఉంటే ఆమె పక్కన ఇంకో టీచరు నడిచేది. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, రాయండి మాస్టారూ.

ఆ తర్వాత పంచాయతీవారి బడి వచ్చింది. పోయిన టీచర్ల ఖాళీలు నింపలేదు. 1991లో చివరి హెడ్మాస్టరు ప్రేమదాసుగారు నలభై మంది పిల్లల టీసీల మీద ఒక్క మధ్యాహ్నంలో సంతకాలు పెట్టి, సుద్దముక్కల డబ్బా కూడా లెక్క రాసి అప్పగించి, తలుపులు మూశారు. మిషన్ ఆస్తుల సంఘంవారు కట్టడం అమ్మకానికి పెట్టారు. జిన్నింగు మిల్లువాళ్లు టేకు దూలాల కోసం చూసి వెళ్లారు. నేను మా పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు అమ్మి, 1992లో రిజిస్టరు దస్తావేజు మీద నా పేర కొన్నాను. కనుక ఇది నా స్వార్జితంతో సమానం, ఇందులో వేరెవరికీ భాగం లేదు.

కొన్న రోజున రెబ్కాని పిలిచి రెండు తాళాలగుత్తుల్లో ఒకటి ఆమె చేతిలో పెట్టాను. ఇది మళ్లీ బడి అవుతుంది, ఎప్పుడవుతుందో తెలియదు, అప్పటిదాకా నువ్వూ నేనూ కాపలా అన్నాను. బడి పనికి తప్ప ఇంకో పనికి తలుపు తీయవలసి వస్తే ఒకరినొకరు అడగాలి అనుకున్నాం. ఆ మాట అన్నది నేనే.

5. నా భర్త బాపయ్య గారు 1996లో పోయారు. ఆయనకు ఇవ్వగలిగింది ఏమీ లేదు గనుక నాలుగు మాటలు రాయిస్తున్నాను. రెండెకరాలు అమ్ముతానంటే నీ పొలం నీ ఇష్టం అన్నారు తప్ప ఎందుకని అడగలేదు. ఆయన ఏ బడికీ వెళ్లినవారు కాదు. కట్టడం కొన్నాక మధ్యాహ్నాలు చేను నుంచి వచ్చి ఒకటో గదిలో చల్లగా ఉందని పడుకునేవారు. ఒకరోజు చూస్తే బోర్డు మీద సుద్దముక్కతో ఆయన పేరు ఉంది. ఎవరు నేర్పారంటే నవ్వారు. రెబ్కా నేర్పిందని ఆయన పోయాకే తెలిసింది. ఒకటో గది బోర్డు పగిలినా, నల్లరంగు పోయినా, దాన్ని మార్చకూడదు.

6. మా మరిది వెంకటనారాయణకు ఆస్తి ఏమీ ఇవ్వడం లేదు. నేను బడి కొన్నప్పుడు మా వదిన మతం పుచ్చుకుందని నాలుగూళ్లలో చెప్పి వచ్చిన ఘనుడు. నిజానికి ఆ బడిలో నాలుగేళ్లు మొదటి పీరియడు బైబిలు విన్నాను, ఇంటికొచ్చి తులసికి నీళ్లు పోశాను, రెండిటికీ ఏ ఇబ్బందీ కలగలేదు. పద్నాలుగేళ్లుగా ఆయన తన చేనుకి బడి ఆవరణలోంచే అడ్డదారిన పోతున్నాడు. ఆ దారి ఆయన బతికినంత కాలం వాడుకోవచ్చు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ గేటు గొళ్లెం వేయవలెను. ఇన్నాళ్లుగా ఒక్కసారీ వేయలేదు.

7. ఇప్పుడు నా తప్పు.

1998లో మిరప విరగకాసింది. గుంటూరు కోల్డు స్టోరేజీల ముందు లారీలు వారాల తరబడి నిలబడ్డాయి, లోపల చోటు లేదు. ఎండిన కాయ టిక్కీలకెత్తి, అంటే గోనె బస్తాల్లో తొక్కి, కళ్లాల్లోనే పేర్చుకున్నారు. మార్చి ఆఖర్లో ఒక మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. తడిస్తే ఏడాది కష్టం బూజు పడుతుంది. మా కోటేష్ ముందు, వెనక పదకొండు ట్రాక్టర్లు బడి గేటు దగ్గర నిలబడ్డాయి. పిన్నీ అనీ, అత్తా అనీ అందరూ నావాళ్లే. రెండు వారాలు చాలు అన్నారు.

రెబ్కా ఇల్లు బడి ఉత్తరం ప్రహరీకి అవతలే, పల్లెలో, అంటే హరిజనవాడలో. కేకేస్తే వినపడుతుంది. నేను కేకెయ్యలేదు. టైము లేదని ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. ట్రాక్టరు తోలేవాళ్లకు ఇంటికి కబురంపి కాఫీ తెప్పించడానికి మాత్రం టైము ఉంది. అసలు సంగతి ఏమిటంటే, పల్లెవాళ్లని ఒక మాట అడగాలన్నది మా ఇంట్లో తరతరాలుగా ఎవరికీ తోచలేదు. ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నా, తాళం ఆమె చేతిలో నేనే పెట్టినా, ఆ రోజు నాకూ తోచలేదు.

ఆరు గదులూ నింపారు. ప్రార్థన హాల్లో మాత్రం పెట్టనివ్వలేదు. దేవుడికి భయపడ్డాను, రెబ్కాకు భయపడలేదు.

రెండు వారాలు పద్నాలుగు నెలలయ్యాయి. ఆరో గది కప్పు మీద పెంకులు జారి, వానకి టిక్కీలు తడిసి, గోడల వెంట ఎర్రనీళ్లు కారాయి. రెబ్కా ప్రహరీ అవతల నుంచి రోజూ చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

8. 1999లో ఖాళీ చేయించి, కడిగించి, వెల్ల వేయించాను. ఎండాకాలం లోపలికెళితే ఏ వాసనా లేదు. 2001లో చిన్న తరగతులకు బడి మళ్లీ మొదలుపెడదామని రెబ్కాను అడిగితే ఒప్పుకుంది. పల్లెలో ఇల్లిల్లూ తిరిగి ఇరవై ఏడు మంది పిల్లలను పోగుచేసింది. రిటైరైన మనిషి, కొత్త నేత చీర కట్టుకుని వచ్చి, తన నాన్న కొట్టిన గంట తనే కొట్టింది. ఆ మూడు రోజులు నేను వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. నా జన్మలో అంతకన్నా మంచి రోజులు లేవు.

నాలుగో రోజు తొలకరి పడింది. సున్నపు గోడ నీళ్లు తాగుతుంది, తాగినది మళ్లీ వదులుతుంది. పద్నాలుగు నెలలు తాగిన మిరప ఘాటంతా ఆ చెమ్మతో పైకి లేచింది. పిల్లలు దగ్గడం మొదలెట్టారు, కళ్లు నులుముకుని ఏడ్చారు. రెబ్కా మేనకోడలి కూతురు రూతు, ఆరేళ్ల పిల్ల, ఊపిరాడక నీలం తిరిగింది. కోటేష్ మోటారుసైకిలు మీద పేట తీసుకెళ్లాడు. బతికింది, ఇప్పుడు బాగుంది.

రెబ్కా పిల్లలందరినీ వానలోనే ఇళ్లకు చేర్చింది. తిరిగొచ్చి గదులు వరసగా తాళాలు వేసి, గుత్తి తెచ్చి గేటు స్తంభం మీద పెట్టింది. అప్పుడు అన్న మాట ఇది:

"రావమ్మా, నువ్వు అడిగుంటే నేనే తలుపు తీసి టిక్కీలు సర్దించేదాన్ని. వానొస్తుంటే కాదంటానా? అడగాలని నీకు తోచలా."

ఆ నెలలోనే పేటలో ఉండే ఇంకో మేనకోడలి ఇంటికి వెళ్లిపోయింది. అయిదేళ్లు నాతో మాట్లాడలేదు. ప్రతి జూలై ఒకటిన బెల్లం ముక్క విరిచి సగం దేవుడి గూట్లో పెడుతున్నాను. దానికి చీమలు పడుతున్నాయి.

9. ఆ రోజు నుంచి నేను చేసిన పని ఇది, చేయవలసి మిగిలింది ఇది.

వీరబాబు మేస్త్రిని పెట్టి ఒక్కో గది గోడలు ఇటుక కనపడేదాకా గీకించి, మళ్లీ పాత పద్ధతిలో గానుగ సున్నం, కరక్కాయ, బెల్లపు నీళ్లు కలిపి పూయించాను. సిమెంటుతో వారంలో అయిపోతుందని కోటేష్ పోరు పెట్టాడు. వినలేదు. నేలలో బండల సందుల్లో ఇరుక్కున్న మిరప గింజలు పుల్లతో ఏరించాను.

గది బాగుపడిందీ లేనిదీ ఎండాకాలంలో తెలియదు. ఏటా తొలకరి పడిన రోజున, గోడ చెమ్మ పట్టేదాకా ఆగి, కిటికీలు మూసి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి బడి విడిచే వేళ దాకా ఆ గదిలో బల్ల మీద కూర్చోవాలి. దగ్గు రాకూడదు, కళ్లు మండకూడదు. మండితే మళ్లీ గీకాలి. నేనే కూర్చున్నాను. ఈ పరీక్షకు పిల్లలను ఎప్పటికీ వాడకూడదు. ఈ లెక్కన 2002లో ఒకటో గది, 2003లో రెండు, మూడు, 2004లో నాలుగు, నిరుడు ఐదు బాగుపడ్డాయి. ఆరో గదిలో నిరుడు అరగంట కూర్చోలేకపోయాను.

కారణం నాకు తెలుసు. ఆరో గదిలో కిటికీ అడుగున చెయ్యి ముద్ర ఉన్న మేర, చాటంత చోటు, నేను గీకనివ్వలేదు. ఎర్రనీళ్లు ఎక్కువ కారింది ఆ గోడ మీదే. అది ఉన్నన్నాళ్లు ఆ గదిలో పిల్లలు కూర్చోలేరు. అది తీసేస్తే పెద బుల్లయ్య చెయ్యి పోతుంది. తీయాలా, ఉంచాలా అన్నది నేను తేల్చకూడదు. ఒకసారి అడక్కుండా తలుపు తీశాను, ఇంకోసారి అడక్కుండా గోడ గీకించను.

నా తర్వాత ఈ పరీక్షకు కూర్చోవలసినది కోటేష్. ఆరో గది బాగుపడేదాకా ప్రతి తొలకరికి వాడు ఒక్కడే కూర్చోవాలి. సెల్‌ఫోను లోపలికి తీసుకెళ్లకూడదు. ఈ షరతు తప్పితే రెండో అంశంలోని ట్రాక్టరు లక్ష్మీదుర్గకు చెందుతుంది.

10. చిన్న చిన్నవి:

వీరబాబు మేస్త్రికి మా ఆయన చేతి గడియారం. అయిదేళ్లు మొహానికి గుడ్డ కట్టుకుని తుమ్ముతూ పనిచేశాడు, ఒక్క రోజూ మానలేదు.

రూతుకు నా చెవి కమ్మలు. ఆ పిల్ల ఇప్పటికీ నన్ను చూస్తే దూరం నుంచే అమ్మమ్మా అని పలకరిస్తుంది. ఆ పిలుపుకు నేను తగను.

మనవరాలు శ్రీరమ్యకు నా అట్లాసు. మొదటి పేజీలో ఇంకుతో ఇద్దరి పేర్లు ఉంటాయి, రెండోది రెబ్కాది. శ్రీరమ్య ఒకసారి నాయనమ్మా, ఫోర్త్ ఫారంలో ఎందుకు మానేశావు అని అడిగింది. మాన్పించారు తల్లీ. నిన్ను మాన్పించాలని ఎవరైనా చూస్తే ఈ కాయితం చూపించు.

రాధాకృష్ణమూర్తి మాస్టారికి స్టాఫ్ రూములోని వాలుకుర్చీ. 1991లో ఈ బడికి కాలం చెల్లిందని అందరికన్నా ముందు అన్నది ఆయనే. ఆ కుర్చీలో కూర్చునే అన్నారు. అయినా ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత ఆయనకే అప్పగిస్తున్నాను. ఇది రాస్తూ ఆయన కలం ఆపారు, మళ్లీ రాస్తున్నారు.

11. కింది షెడ్యూలులోని మిషన్ బడి కట్టడం, ఆవరణ, బల్లలు, గంట, రెండు తాళాలగుత్తులు, దారా బుల్లయ్య గారి కుమార్తె దారా రెబ్కాకు సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. ఆమె పుచ్చుకుంటుందో లేదో తెలియదు. రాధాకృష్ణమూర్తి మాస్టారు రేపు ఈ కాయితాలు పేట తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపించి, రెండు సంగతులు అడగాలి. ఒకటి, బడి పుచ్చుకుంటుందా. రెండు, ఆరో గదిలో ఆ చెయ్యి ముద్ర ఏం చేయమంటుంది. ఆమె జవాబు చెప్పకపోతే బలవంతం చేయకుండా లేచి రావాలి. మళ్లీ వచ్చే జూన్‌లో బడులు తెరిచే రోజున వెళ్లి అడగాలి. ఆమె ఉన్నంత కాలం ప్రతి జూన్‌లో అడగాలి.

ఇంతవరకు 12వ తేదీన చెప్పి రాయించాను.

12. ఇది 14వ తేదీ, సాయంత్రం అయిదు గంటలు. పై పదకొండో అంశంలో కట్టడం రెబ్కాకు రాసిన భాగాన్ని కొట్టివేస్తున్నాను. కారణం ఇది.

మాస్టారు నిన్న పేట వెళ్లి మొత్తం చదివి వినిపించారు. ఆమె కళ్లజోడు అడిగి తీసుకుని మళ్లీ తనే మొదటి నుంచి చదువుకుందట. జవాబు చెప్పలేదట. మజ్జిగ ఇచ్చి పంపిందట. సరే, వచ్చే జూన్ అనుకున్నాను.

ఈ రోజు పదకొండింటి బస్సుకి దిగింది. చేతికర్ర వచ్చింది, వెనక్కి దువ్విన జుట్టు మొత్తం నెరిసింది. నన్ను చూసి, మోకాళ్లా అంది. ఊఁ అన్నాను. అయిదేళ్ల తర్వాత మేం మాట్లాడుకున్నది అది. ఒకటో గది నుంచి వరసగా తిరిగింది, గోడలకు ముక్కు ఆనించి చూసింది, బోర్డు మీద బాపయ్య గారి పేరు దగ్గర కాస్త ఆగింది. మేం ఆరో గదికి వచ్చేసరికి తొలకరి మొదలైంది. కిటికీలు తనే మూసింది. మా పాత బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం.

గంటలోపే కళ్లు మండాయి. ఇద్దరికీ నీళ్లు కారాయి. అందులో మిరప ఘాటు ఎంతో, మిగతాది ఎంతో నేను చెప్పలేను, అందుకని ఈ ఏటి పరీక్ష చెల్లదని నమోదు చేయిస్తున్నాను.

ఆమె లేచి కిటికీ అడుగున వంగి ఆ ముద్రలో చెయ్యి పెట్టింది. వేళ్లు వంకర తిరిగాయి, సరిగా పట్టలేదు. నేను అప్పుడు అడిగాను. మాస్టారి ద్వారా కాదు, నా నోటితో అడిగాను. రెబ్కా, మీ తాత చెయ్యి, తియ్యమంటావా, ఉంచమంటావా అని. ఆమె చెయ్యి తీయకుండానే చెప్పింది:

"ఇప్పుడు అడిగావుగా. గీకించు. పిల్లలు కూర్చోవాల."

రేపు వీరబాబు వస్తాడు. గీకిన సున్నం ఎక్కడా పారబోయకూడదు, రెబ్కా ఇంటికి చేర్చాలి. ఇది కూడా ఆమెను అడిగే రాయిస్తున్నాను.

ఆస్తి మాత్రం ఆమె పుచ్చుకోనంది. ఆస్తి పొందేవాళ్లు వీలునామా మీద సాక్షి సంతకం పెడితే తర్వాత చిక్కు వస్తుందని మాస్టారు అంటే, నాకు ఆస్తి వద్దు, సాక్షి సంతకం పెడతాను అంది. కాబట్టి మిషన్ బడి కట్టడాన్ని రేగులగుంటపాలెం ఊరి పిల్లలకూ పల్లె పిల్లలకూ బడి కోసమే ఉండేట్టు అయిదుగురి సంఘానికి రాస్తున్నాను. అందులో ముగ్గురు పల్లెవాళ్లు, ఇద్దరు ఊరివాళ్లు. బడి పనికి తప్ప ఏ తలుపైనా తీయవలసి వస్తే, మబ్బు పట్టినా, మునిగిపోతున్నా, ముందు పల్లెవాళ్ల ముగ్గురినీ అడగాలి.

ఒకటి నుంచి అయిదు గదుల్లో రేపటి నుంచే పిల్లలను కూర్చోబెట్టవచ్చు. ఒక తాళాలగుత్తి ఇప్పుడే రెబ్కాకు ఇచ్చాను. కొంగున కట్టుకుంది. రేపు ఉదయం గంట కొట్టడానికి రాత్రికి మా ఇంట్లోనే ఉంటానంది. మా ఇంటి వీధి గుమ్మంలోంచి ఆమె లోపలికి రావడం ఇదే మొదలు.

షెడ్యూలు: రేగులగుంటపాలెం గ్రామంలో మిషన్ బడి కట్టడం, ఎకరం ఇరవై సెంట్ల ఆవరణ. హద్దులు: తూర్పు, పేట రోడ్డు. దక్షిణం, మా ఏడెకరాల చేను. పడమర, డొంక. ఉత్తరం, ప్రహరీ, దాని అవతల పల్లె. ఉత్తరం ప్రహరీలో మనిషి పట్టేంత గుమ్మం ఒకటి పెట్టించవలెను.

నేను చెప్పినది చెప్పినట్టు రాసి చదివి వినిపించగా విని, సరిగా ఉందని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

రేగులగుంటపాలెం
14-6-2006, బుధవారం, వాన కురుస్తుండగా

(సంతకం) మద్దినేని వెంకటరావమ్మ

రాసినవారు: రాధాకృష్ణమూర్తి, రిటైర్డు తెలుగు పండితులు

సాక్షులు:

1. రాఘవ, పోస్టుమాస్టరు, రేగులగుంటపాలెం

2. దారా రెబ్కా, టీచరు, మిషన్ బడి, రేగులగుంటపాలెం